“ఏం లేదులే” అనకండి
వినికిడి తగ్గినవారి జీవితం – చెవి మిషన్ – ఇంటివారి బాధ్యత

ఇది మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే. సాయంత్రం వసారాలో నలుగురూ కూర్చుంటారు. కోడలు ఏదో చెబుతుంది. పిల్లలు నవ్వుతారు. మూల మంచం మీద ఉన్న తాతకు ఆ నవ్వు కనబడుతుంది గాని మాట వినబడదు. “ఏటి? ఏటన్నారు?” అని అడుగుతాడు. “ఏం లేదులే తాతా” అంటారు. కాసేపటికి మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ అదే జవాబు. మూడోసారి ఆయన అడగడు. కొన్నాళ్ళకు వసారాలోకి రావడమే మానేస్తాడు. “వయసైపోయింది, మనిషి ముభావంగా అయిపోయాడు” అని మనం అనుకుంటాం. ఆయన ముభావి కాలేదు. ఆయన చెవి మొరాయించింది, మనం ఆయనతో మాట్లాడటం మానేశాం. అంతే.

ఉద్దానం ప్రాంతానికి కంటి వైద్యం కొత్త కాదు. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గల్లిసన్ చేస్తున్న కంటి సేవ గురించి విని, కెనడాలోని కాల్గరీ నగరానికి చెందిన ఆర్ట్ జెంకిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ అనే సంస్థను మొదలుపెట్టారు. ఆ తరం నుంచి మన పల్లెల్లో శుక్లాల ఆపరేషన్ అంటే ఎవరికీ భయం లేదు, కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరికీ సిగ్గు లేదు. మరి చెవి దగ్గరకు వచ్చేసరికి ఎందుకీ సిగ్గు? చూపు తగ్గినవాడిని చూసి జాలిపడతాం, వినికిడి తగ్గినవాడిని చూసి నవ్వుతాం. “చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు” అన్న సామెత మన నోటి చివరే ఉంటుంది. ఆ నవ్వుకు భయపడే చాలామంది ఏళ్ళ తరబడి తమ చెవుడును దాచుకుంటారు. వైద్యం దొరికే కాలం ఆ దాపరికంలోనే గడిచిపోతుంది.

ఇది కొద్దిమంది బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన వినికిడి నివేదిక ప్రకారం, ఎంతో కొంత వినికిడి లోపం ఉన్నవారు ప్రపంచంలో 150 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో 43 కోట్ల మందికి వైద్య సహాయమో, చెవి మిషనో, శిక్షణో అవసరం.

ఉప్పు అంటే పప్పు అని వినబడుతుంది

బయటి శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు భాగానికి చేరుతుంది. అక్కడ వేల సంఖ్యలో వెంట్రుకల వంటి సూక్ష్మ కణాలు ఉంటాయి. అవి శబ్దాన్ని నరానికి అందిస్తాయి, నరం మెదడుకు అందిస్తుంది.

గులిమి గట్టిపడినా, కర్ణభేరికి చిల్లుపడినా, మధ్య చెవిలో చీము పట్టినా శబ్దం దారిలోనే ఆగిపోతుంది. ఇటువంటి చెవుడు చాలా వరకు మందులతోనో, ఆపరేషన్‌తోనో బాగుపడుతుంది. కాని లోపలి సూక్ష్మ కణాలు చనిపోతే అవి మళ్ళీ పుట్టవు. అటువంటివారికి చెవి మిషన్ ముఖ్యమైన ఆధారం.

వయసుతో వచ్చే చెవుడులో సాధారణంగా సన్నని ధ్వనులు ముందు పోతాయి. మాటలో అచ్చులు బరువైన ధ్వనులు, అవి వినబడుతూనే ఉంటాయి. స, శ, త, ప, క, చ వంటి హల్లులు జారిపోతాయి. అందుకే “నాకు వినబడుతోంది గాని అర్థం కావడం లేదు” అంటారు పెద్దవారు. అది సాకు కాదు, నిజం. ఉప్పు, పప్పు, తప్పు, కప్పు – వారికి ఇవన్నీ ఒకేలా వినబడతాయి.

ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి డాక్టరు “ఉప్పు తగ్గించండి” అని చెబుతారు. ఆయన “పప్పు తగ్గించండి” అని విని, తలూపి, ఇంటికి వెళతాడు. సగం మాత్ర అంటే ఒక మాత్ర అని వింటాడు. మళ్ళీ అడగడానికి సిగ్గు. చెవి వల్ల వచ్చిన పొరపాటు కిడ్నీ మీద పడుతుంది.

మన ప్రాంతంలో చెవికి పొంచి ఉన్న ముప్పులు

కిడ్నీ జబ్బు – మందులు: కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో మనకు తెలుసు. దాని కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కిడ్నీకి, లోపలి చెవికి ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ నీటిని, లవణాలను అదుపులో ఉంచే సున్నితమైన కణజాలం ఉంటుంది. ఒకదానికి హాని చేసే కొన్ని మందులు రెండో దానికీ హాని చేస్తాయి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజక్షన్లు, క్షయకు గతంలో విరివిగా వాడిన స్ట్రెప్టోమైసిన్ ఈ కోవకు చెందినవే. ఒంట్లో నీరు తీయడానికి ఇచ్చే ఫ్రుసెమైడ్ మందు ఎక్కువ మోతాదులో రక్తనాళం ద్వారా వేగంగా ఇచ్చినప్పుడు చెవిని దెబ్బతీయవచ్చు. కిడ్నీలు సరిగా పనిచేయనివారి ఒంట్లో ఇటువంటి మందులు ఎక్కువసేపు నిలిచిపోతాయి కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ. అలాగని మందు మీరే మానేయకండి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా “నాకు కిడ్నీ జబ్బు ఉంది, చెవి కూడా తగ్గింది” అని ముందే చెప్పండి. మందు వాడుతుండగా చెవిలో హోరు, కళ్ళు తిరగడం, వినికిడి తగ్గడం కనబడితే వెంటనే తెలియజేయండి.

రాతి పని, యంత్రాల మోత: టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగు, రాయి కోసే యంత్రాలు, పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు కర్మాగారాలు, సముద్రంలో మోటారు పడవల ఇంజన్లు – ఇవి మన వారికి అన్నం పెట్టే పనులు. వీటిలో కొన్ని మోతలు చెవికి శత్రువులు. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్ళు ఉంటుంది. 85 డెసిబెళ్ళ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదు. అక్కడి నుంచి 3 డెసిబెళ్ళు పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగానికి తగ్గుతుంది. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు, 100 వద్ద 15 నిమిషాలే. రాతిని తొలిచే డ్రిల్లు మోత 100 దాటుతుంది. ఒక చెయ్యి దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే ఆ చోటు చెవికి మంచిది కాదని గుర్తు. చెవి బిరడాలు గాని, చెవులను పూర్తిగా కప్పే సాధనాలు గాని పెట్టుకోవాలి. దూది పెట్టుకుంటే చాలదు. పనిలోంచి వచ్చాక రాత్రి చెవిలో గుయ్‌మని మోత వినబడితే అది చెవి చేస్తున్న హెచ్చరిక.

కొబ్బరినూనె వైద్యం: కొబ్బరితోటల సీమలో చెవిపోటు వస్తే మొదట చేసే పని, నూనె వెచ్చచేసి చెవిలో పోయడం. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మనకు పైకి తెలియదు. చిల్లు ఉన్న చెవిలో నూనె, నీరు, ఆకు పసరు ఏది పోసినా లోపలికి దిగి చీము పడుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక వద్దు. దూది చుట్టిన పుల్లలు కూడా గులిమిని లోపలికే నెడతాయి. చెవి కారుతున్న పిల్లలను చెరువులో ఈతకు పంపకండి. చీము దుర్వాసన వేస్తే, జ్వరం, తలనొప్పి, ముఖం వంకరపోవడం వంటివి కనబడితే ఆలస్యం చేయకండి. చెవిలోని చీము మెదడు దాకా పాకగలదు.

అకస్మాత్తుగా పోతే: నిద్ర లేచేసరికి ఒక చెవి వినబడటం లేదంటే “గులిమేలే” అనుకోకండి. అది నరానికి సంబంధించిన అత్యవసర పరిస్థితి కావచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే చెవి డాక్టరు వద్దకు చేరాలి. రెండు వారాలు దాటాక చికిత్స ఇచ్చినా ఫలితం తక్కువ.

పరీక్ష గురించి

ముందు డాక్టరు చెవిలోకి చూసి గులిమి, చిల్లు, చీము ఉన్నాయేమో పరిశీలిస్తారు. ఆ తరువాత ఆడియాలజిస్టు నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నవి బరువైనవి రకరకాల ధ్వనులు వినిపిస్తారు. వినబడినప్పుడల్లా వేలెత్తడమే మన పని. నొప్పి ఉండదు. ఫలితాన్ని ఒక గీత పటంగా ఇస్తారు. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 డెసిబెళ్ళ లోపు శబ్దం వినగలిగితే మామూలు వినికిడి. 20 నుంచి 35 వరకు స్వల్ప లోపం, 35 నుంచి 50 వరకు మధ్యస్థం, 50 నుంచి 65 వరకు కొంత తీవ్రం, 65 నుంచి 80 వరకు తీవ్రం, ఆ పైన అతి తీవ్రం. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. మిషన్ ఎన్నుకోవడానికీ, వికలాంగ ధ్రువపత్రానికీ, రేపు చెవి ఇంకా తగ్గిందా లేదా తెలుసుకోవడానికీ అదే ఆధారం.

మిషన్ కళ్ళజోడు వంటిది కాదు

కళ్ళజోడు పెట్టుకున్న క్షణంలోనే అక్షరం స్పష్టమవుతుంది. చెవి మిషన్ అలా కాదు. ఈ ఒక్క సంగతి ముందుగా తెలియకపోవడం వల్లనే ఎన్నో మిషన్లు బీరువాలో పడి ఉంటున్నాయి.

ఏళ్ళ తరబడి సన్నని ధ్వనులు అందక మెదడు వాటిని మరిచిపోయి ఉంటుంది. మిషన్ పెట్టగానే ఫ్యాను చప్పుడు, గిన్నెల మోత, చెప్పుల చప్పుడు, కొబ్బరాకుల గలగల అన్నీ ఒక్కసారి మీద పడతాయి. సొంత గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. “ఇది మోతే గాని మాట కాదు” అని తీసి పెట్టేస్తారు. అది మిషన్ లోపం కాదు. ఏది వినాలో, ఏది వదలాలో మెదడు మళ్ళీ నేర్చుకోవాలి. అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఇలా చేసి చూడండి.

మొదటి వారం: ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, రోజుకు రెండు మూడు గంటలు. ఒక్కరితోనే మాట్లాడండి. వార్తాపత్రిక పైకి చదువుకుంటూ మీ గొంతు మీరే వినండి.
రెండో వారం: ఇద్దరు ముగ్గురి మాటల్లో కూర్చోండి. టీవీ మామూలు స్థాయిలో పెట్టి వినండి.
మూడో వారం: వీధి అరుగు, పొరుగిల్లు, టీ దుకాణం. వాడే సమయం పెంచుకుంటూ పోండి.
నాలుగో వారం: సంత, బస్సు, పెళ్ళి, ప్రార్థన కూడిక. ఇక్కడ కష్టంగానే ఉంటుంది. మైకు డబ్బాల పక్కన కాకుండా మాట్లాడేవారి ముఖం కనబడే చోట కూర్చోండి.

నెల తరువాత తప్పకుండా ఆడియాలజిస్టు వద్దకు తిరిగి వెళ్ళండి. డిజిటల్ మిషన్‌ను మీ ఆడియోగ్రామ్‌ను బట్టి కంప్యూటరుతో సరిచేస్తారు. ఒక్కసారి సరిచేస్తే సాధారణంగా చాలదు. రెండు చెవులూ తగ్గి ఉంటే రెండింటికీ మిషన్లు పెట్టుకోవడం మేలు. శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో అప్పుడే బాగా తెలుస్తుంది. పరీక్ష లేకుండా సంతలోనో, ప్రకటన చూసో చవకగా కొనే పెట్టెలు అన్ని ధ్వనులనూ ఒకేలా పెంచుతాయి. వాటివల్ల ఉన్న వినికిడి కూడా దెబ్బతినవచ్చు.

సముద్రపు గాలిలో మిషన్ సంరక్షణ

మన తీరంలో చెమట, ఉప్పుగాలి, తేమ – మూడూ మిషన్‌కు పడవు. ఈ జాగ్రత్తలు పాటించండి.

• రాత్రి మిషన్ తీసి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి.
• స్నానానికీ, వేటకూ వెళ్ళేటప్పుడు తీసివేయండి. వర్షంలో తడవనివ్వకండి.
• చెవిలో అమరే అచ్చును మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాక తిరిగి తగిలించండి. మిషన్‌ను మాత్రం కడగరాదు, పొడిగుడ్డతో తుడవాలి.
• తలకు నూనె రాసుకుంటే అది ఇంకిన తరువాతే మిషన్ పెట్టుకోండి.
• బిళ్ళ బ్యాటరీకి ఉన్న రంగు కాగితం తీశాక ఒక నిమిషం గాలికి ఉంచి అప్పుడు వేయండి. ఇవి గాలి తగిలితేనే పనిచేస్తాయి. కాగితం తీసి దాచుకుంటే వాడకపోయినా అయిపోతాయి.
• కీచుమని ఈల వస్తే అచ్చు సరిగా అమరలేదనో, చెవిలో గులిమి ఉందనో అర్థం. పిల్లలకు చెవి పెరిగినకొద్దీ అచ్చు మార్చాలి.
• బ్యాటరీలు పసిపిల్లలకు అందనివ్వకండి. మింగితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంటివారు చేయవలసింది

సగం వైద్యం మిషన్‌ది, సగం ఇంటివారిది. వంటగదిలోంచి పిలవకండి, ఎదురుగా వచ్చి మాట్లాడండి. ముందు పేరు పెట్టి పిలిచి, వారు మీవైపు చూశాక విషయం చెప్పండి. మీ ముఖం మీద వెలుతురు పడాలి, నోటికి చెయ్యి అడ్డం ఉండకూడదు. అరవకండి. అరిస్తే మాట వంకరపోతుంది, పైగా వినేవారికి తిట్టినట్టు ఉంటుంది. నిదానంగా, మామూలు గొంతుతో చెబితే చాలు. ఒక మాట అందకపోతే అదే మాట పదిసార్లు చెప్పకుండా మరోలా చెప్పండి. “ఉప్పు” అందకపోతే “కూరలో వేసే ఉప్పు” అనండి. డాక్టరు చెప్పినది కాగితం మీద రాయించుకోండి.

మన తీరంలో ఎన్నో ఇళ్ళ బిడ్డలు వేటకు గుజరాత్ తీరానికీ, కూలికి చెన్నైకీ వెళ్ళి ఉంటారు. తల్లికి బిడ్డ దొరికేది ఫోనులోనే. ఆ ఫోను మాట వినబడనప్పుడు ఆమె “బాగున్నాను బాబూ, బాగున్నాను” అని రెండు ముక్కలు చెప్పి ఫోను కోడలి చేతికి ఇచ్చేస్తుంది. ఫోను ధ్వనిని నేరుగా అందుకునే ఏర్పాటు కొన్ని మిషన్లలో ఉంటుంది, కొనేముందు అడగండి. లేకపోతే స్పీకరు పెట్టండి. వీడియోలో ముఖం చూస్తూ మాట్లాడితే పెదవుల కదలిక కూడా సాయపడుతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరం దాటింది. అటువంటి రాత్రి మైకులో వచ్చే హెచ్చరిక, తలుపు తట్టే చప్పుడు, చెట్టు విరిగే శబ్దం – మిషన్ తీసి పడుకున్న మనిషికి ఏదీ వినబడదు. అటువంటివారిని లేపే బాధ్యత ఎవరిదో ముందే మాట్లాడుకోండి. ఒంటరిగా ఉండేవారి సంగతి పొరుగింటికి, వలంటీరుగా వచ్చే యువకులకు, ఆశా కార్యకర్తకు చెప్పి ఉంచండి. తుఫాను రోజుల్లో మిషన్, బ్యాటరీలు ప్లాస్టిక్ సంచిలో కట్టి దిండు పక్కనే పెట్టుకోవాలి.

పసిబిడ్డల విషయంలో రోజులు లెక్క

పెద్దవారికి ఆలస్యమైతే సంతోషం పోతుంది. బిడ్డకు ఆలస్యమైతే మాటే రాదు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలని వైద్యులు చెబుతారు. నెలలు నిండకుండా పుట్టినవారు, పుట్టగానే ఏడవనివారు, తీవ్రమైన పసికామెర్లు వచ్చినవారు, మెదడువాపు వచ్చినవారు, గర్భంలో ఉండగా తల్లికి రూబెల్లా సోకినవారు – వీరికి తప్పకుండా పరీక్ష చేయించాలి. మేనరికం వివాహాల్లో పుట్టుచెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. పెద్ద చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడకపోయినా, ఆరు నెలలకు పిలుపు వైపు తిరగకపోయినా, ఏడాదికి “అమ్మ”, “తాత” వంటి మాటలు రాకపోయినా “వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యమే” అని ఊరుకోవద్దు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షిస్తున్నాయి, వారిని అడగండి. మిషన్‌తో ఫలితం లేని చిన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. ఆరోగ్యశ్రీ పథకంలో ఈ ఆపరేషన్ చేస్తూ వచ్చారు. ఆ పథకాన్నే 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.

సహాయం ఎక్కడ?

చెవి పరీక్షకు టెక్కలి జిల్లా ఆసుపత్రి, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఉన్నాయి. బయలుదేరే ముందు ఏ రోజున చెవి డాక్టరు, ఆడియాలజిస్టు ఉంటారో కనుక్కుంటే బస్సు ఖర్చు వృథా కాదు. కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి అమలు చేస్తున్న అడిప్ పథకం కింద, 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలోనే నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద అర్హులైన పేదవారికి, 60 ఏళ్ళు నిండిన పేద వృద్ధులకు శిబిరాలు పెట్టి చెవి మిషన్లు ఇస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులకూ 60 నుంచి 70 డెసిబెళ్ళ లోపం ఉన్నవారిని కూడా వినికిడి వికలాంగులుగా గుర్తిస్తారు. ఉచితంగా వచ్చిన మిషన్ అయినా సరే, ఆడియాలజిస్టు చేత మీ చెవికి సరిచేయించుకుని వాడండి.

చివరిగా ఒక్క మాట. ఈ రాత్రి మీ వసారాలో మీ అమ్మో, తాతో, అత్తో “ఏటి? ఏటన్నారు?” అని అడిగితే, “ఏం లేదులే” అనకండి. లేచి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఆ చిన్న మాటనే మళ్ళీ చెప్పండి. అది జోకైనా సరే, కూర సంగతైనా సరే. రేపు ఉదయం చెవి పరీక్షకు తీసుకువెళదామని కూడా చెప్పండి.